రిథమ్ గేముల్లో కష్టం చెవిదా, కంటిదా, వేలిదా? ఓసులో 91 శాతం దగ్గరే ఆగిపోతోంది

బీచ్‌రోడ్_బీట్ అడిగిన ప్రశ్న:

ఓసు (పాట లయకు తగ్గట్టు స్క్రీన్ మీది సర్కిళ్లకు గురిపెట్టి కీ నొక్కే గేమ్) ఆడేవాళ్లు కాస్త చెప్పండి. లేజర్ అనే కొత్త వెర్షన్, విండోస్ ల్యాప్‌టాప్. గురి మౌస్‌తో, ట్యాపింగ్ కీబోర్డు మీద జెడ్, ఎక్స్ కీలతో. చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్. ఆడేవి మూడున్నర స్టార్ల (కష్టం లెక్క) మ్యాపులు, అంటే పాటకు సర్కిళ్లు అమర్చిన స్థాయిలు. ఎక్కువగా ఓడీ 7 (టైమింగ్ ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే అంకె), ఏఆర్ 8 (సర్కిల్ ఎంత ముందు కనిపిస్తుందో చెప్పే అంకె). మిస్సులు దాదాపు లేవు, కాంబో తెగడం లేదు, కానీ యాక్యురసీ 91 దాటడం లేదు. నోటుకు పూర్తి మార్కు 300 పడాల్సిన చోట 100లు పడుతున్నాయి. పాటకు సరిగ్గానే కొడుతున్నట్టు ఉంటుంది, గేమేమో ఆలస్యం అంటుంది.

రెండోది, 160 బీపీఎం (నిమిషానికి బీట్లు) దగ్గర ఐదు నోట్ల బర్స్ట్ (వెంటవెంటనే కొట్టాల్సిన గుత్తి) వస్తే మొదటి నోటు బాగానే పడుతుంది, చివరిది మాత్రం ముందుకు దూకుతుంది. దాని వెనకాలే వచ్చే సర్కిల్ కూడా చెడిపోతుంది.

మూడోది కాస్త పెద్ద ప్రశ్న. ఈ ఆటలు పరీక్షించేది రియాక్షన్ స్పీడ్‌నేనా? అయితే 144 హెర్ట్జ్ మానిటర్ కొంటే తేడా తెలుస్తుందా? లేక ఇది పూర్తిగా వేరే విద్యా?

రెండువేళ్లు:

ముందు ఆ ఇయర్‌బడ్స్ తీసి పక్కన పెట్టండి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. 160 బీపీఎం పాటలో ఒక బీటు 375 మిల్లీసెకన్లు. అంటే మీకు వినబడే పాట ఆట కంటే దాదాపు అర బీటు వెనకబడి ఉంది. చెవిని నమ్మి కొడితే నోట్లన్నీ మిస్సవ్వాలి. అవడం లేదంటే మీరు చెవితో ఆడటం లేదన్నమాట. సర్కిల్ మీదికి ముడుచుకుంటూ వచ్చే వలయాన్ని చూసి కంటితో కొడుతున్నారు.

సినిమా చూస్తున్నప్పుడు ఇదే ఇయర్‌బడ్స్‌తో ఇబ్బంది ఎందుకు రాదని అడగొచ్చు. వీడియో ప్లేయర్ శబ్దం ఆలస్యాన్ని లెక్కగట్టి బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తుంది. గేమ్‌లో అది కుదరదు. కీ ఎప్పుడు నొక్కుతారో మీ చేతిలో ఉంది, నొక్కిన వెంటనే హిట్‌సౌండ్ వినపడాలి.

మామూలు 3.5 ఎంఎం వైరు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, స్పేషియల్ సౌండ్ రెండూ ఆపేయండి, అవి దారిలో ఇంకాస్త ఆలస్యం కలుపుతాయి. మౌస్ సెట్టింగుల్లో పాయింటర్ ప్రెసిషన్ దగ్గర టిక్ తీసేయండి. లేకపోతే చెయ్యి ఒకే దూరం జరిగినా వేగాన్ని బట్టి కర్సర్ వేరువేరు దూరాలు వెళ్తుంది, గురి ఎప్పటికీ కుదరదు. గేమ్‌లో వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టే సెట్టింగు) ఆపండి. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి బ్యాటరీ సేవర్ తీసేసి ఆడండి.

ఇవన్నీ చేశాక మూడు నాలుగు వేరువేరు పాటలు ఆడి, ఫలితాల స్క్రీన్ మీద కనిపించే రెండు అంకెలు ఇక్కడ పెట్టండి: సగటు హిట్ ఎర్రర్ (సగటున ఎంత ముందో, ఎంత ఆలస్యమో), అన్‌స్టేబుల్ రేట్ అనే యూఆర్ (ట్యాప్‌లు ఎంత చెదురుతున్నాయో). అవి చూడకుండా ప్రాక్టీస్ చెయ్యండి అని చెప్పడం జ్వరం చూడకుండా మందు రాసినట్టే.

బీచ్‌రోడ్_బీట్:

వైరుతో నాలుగు పాటలు ఆడాను. సగటు నాలుగింటిలోనూ 20 నుంచి 24 మిల్లీసెకన్లు ఆలస్యం. యూఆర్ 150 చుట్టూ ఉంది, బ్లూటూత్‌తో 190 దాకా ఉండేది. యాక్యురసీ మాత్రం ఇంకా 90, 91 మధ్యలోనే.

కాలప్రమాణం:

ఈ అంకెలు చూస్తే మీ వేళ్లలో పెద్ద లోపం లేదండి. సెటప్ గడియారమే జరిగి ఉంది. లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇది ఒకసారి అర్థమైతే ఏ రిథమ్ గేమ్‌కైనా పనికొస్తుంది.

ఓసులో 300 పడటానికి ఉండే వ్యవధి 80లోంచి ఓడీకి ఆరు రెట్లు తీసేస్తే వస్తుంది. ఓడీ 7 అంటే 80 లోంచి 42 పోను 38. అసలు క్షణానికి ముందు 38, తర్వాత 38 మిల్లీసెకన్ల లోపల కొడితే 300. ఓడీ 8కి అది 32, ఓడీ 10కి 20. ఇక యూఆర్‌ను పదితో భాగిస్తే మీ ట్యాప్‌లు సగటు చుట్టూ ఎంత చెదురుతున్నాయో తెలుస్తుంది. మీకు 15.

ఇప్పుడు ఈ రెండూ కలపండి. మీ సగటు 22 వెనక్కి జరిగి ఉంది కాబట్టి ఆలస్యం వైపు మీకు మిగిలిన చోటు 16 మాత్రమే. చెదురేమో 15. అలాంటప్పుడు నూటికి సుమారు 14 నోట్లు 38 దాటి 100ల్లో పడతాయి. ఒక్కో 100కు నోటు విలువలో మూడింట రెండు వంతులు పోతుంది. 14 నోట్లకు తొమ్మిది శాతం పైన పోయి 90, 91 మిగులుతుంది. మీకు పడుతున్న మార్కు అచ్చంగా అదే. చెదురు ఇంతే ఉండి సగటు ఒక్కటే సున్నాకు వస్తే నూటికి ఒక్క నోటే బయట పడుతుంది, స్లైడర్ల (కీ నొక్కి పట్టి దారి వెంట కర్సర్ జరపాల్సిన నోట్ల) సంగతి పక్కన పెడితే 99 దాటుతారు. వేళ్లకు కొత్తగా ఏమీ నేర్పకుండానే.

సరిచేసే పద్ధతి: ఒక పాటలోనే తేడా వస్తే ఆ మ్యాప్ మొదలయ్యే ముందు వచ్చే స్క్రీన్ మీద, చివరి ఆటను బట్టి ఆఫ్‌సెట్ (పాటకూ ఆటకూ మధ్య కాలం సర్దుబాటు) సరిచేసే బటన్ ఉంటుంది. మీకు నాలుగు పాటల్లోనూ ఒకేలా వచ్చింది కాబట్టి అది పాటల తప్పు కాదు. ఆడియో సెట్టింగుల్లో అన్నిటికీ కలిపి ఉండే ఆఫ్‌సెట్ చూడండి. అక్కడ మీ ఇటీవలి ఆటలను బట్టి గేమే ఒక విలువ సూచిస్తుంది, అది ఒప్పుకోండి. ప్లస్సా మైనస్సా అని మీరే అంకె వేస్తే సగం మంది తిరగేసి వేస్తారు, 22 కాస్తా 44 అవుతుంది.

ఇంకొక మాట. మెట్రోనోమ్‌కు తాళం వెయ్యమంటే చాలామంది వాళ్లకు తెలియకుండానే బీటు కంటే కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే వేస్తారు. పరిశోధనల్లో ఎన్నోసార్లు తేలిన సంగతి ఇది. కాబట్టి ఆఫ్‌సెట్ అంకెలో పరికరం ఆలస్యంతో పాటు మీ చేతి అలవాటు కూడా కలిసి ఉంటుంది. స్నేహితుడి అంకె మీకు పనికిరాదు. ఇయర్‌ఫోన్స్ మార్చినా, ల్యాప్‌టాప్ మార్చినా మళ్లీ కొలవాలి. ఒక్క పాటతో తేల్చకుండా నాలుగైదు పాటల సగటు తీసుకోవాలి.

మీ మూడో ప్రశ్నకు: రియాక్షన్ కాదు. కంటికి ఏదో కనబడ్డాక వేలు కదలడానికి 200 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. గేమ్ మీకిచ్చే చోటేమో 38. చూసి కొట్టడం లెక్క ప్రకారమే కుదరదు. రాబోయే క్షణాన్ని ముందే పట్టుకుని, వేలిని దానికి ముందే బయల్దేరదీయాలి. సంగీతంలో దీన్నే కాలప్రమాణం నిలబెట్టడం అంటాం. ఈ ఆటల ఆకర్షణ కూడా అక్కడే ఉందని గట్టిగా నమ్ముతాను. కాల్పుల ఆటలో ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియదు. ఇక్కడ పాట మీకు కంఠస్థం, ఎక్కడ ఏం వస్తుందో అంతా తెలుసు, దాచినది ఒక్కటీ లేదు. అయినా తప్పుతారు, ఎంత తప్పారో మిల్లీసెకన్లలో కనబడుతుంది. రేపు అదే పాట ఆడితే ఆ అంకె తగ్గిందో లేదో మళ్లీ కనబడుతుంది. మిగతా ఆటల్లో ఇంత శుభ్రమైన కొలమానం దొరకదు.

అయితే మృదంగమో కీబోర్డో నేర్చుకున్నవాళ్లు మొదటి రోజే గెలిచేస్తారని అనుకోకండి. కచేరీలో వాయించేవాళ్లు ఒకరినొకరు వింటూ సర్దుకుంటారు. ఇక్కడ సర్దుకునేది మీరొక్కరే, గేమ్ గడియారం వెంట్రుకవాసి కూడా మీ వైపు జరగదు.

రెండువేళ్లు:

ఆఫ్‌సెట్ గురించి కాలప్రమాణం గారు చెప్పిందే చెయ్యండి. బర్స్ట్ సంగతి చెప్తాను.

160 బీపీఎంలో పావు బీటు 94 మిల్లీసెకన్లు. ఐదు నోట్ల బర్స్ట్‌లో ఖాళీలు నాలుగే, నాలుగు 94లు అంటే సరిగ్గా ఒక బీటు. అంటే ఐదో నోటు తర్వాతి బీటు మీదే పడాలి. నోటితో అనుకోండి: త క ధి మి, త. చివరి ‘త’ డ్రమ్ కిక్‌తో కలవాలి. అది కలిసిందా లేదా అన్నది వింటే చాలు, మధ్యలో మూడూ వాటంతటవే సర్దుకుంటాయి. మీకు జరుగుతున్నదేమిటంటే, వేగంగా కొట్టాలన్న కంగారులో ఒక్కో ఖాళీ 94కు బదులు 85 అవుతోంది. నాలుగు ఖాళీల్లో తొమ్మిదేసి చొప్పున 36 మిల్లీసెకన్లు ముందుకు వెళ్లిపోతారు. ఓడీ 7లో హద్దు 38, అంటే చివరి నోటు అంచు మీద వేలాడుతోంది. చేయి అదే ఊపులో ఉంటుంది కాబట్టి తర్వాతి సర్కిల్ హద్దు దాటిపోతుంది. కాబట్టి మీది వేగం చాలకపోవడం కాదు, ఎక్కువవడం.

వేళ్లు: జెడ్ ఎక్స్ జెడ్ ఎక్స్ జెడ్. బేసి సంఖ్య కాబట్టి మొదలుపెట్టిన వేలితోనే ముగుస్తుంది. నాలుగు నోట్ల గుత్తి వస్తే ఎక్స్‌తో ముగుస్తుంది, తర్వాతి సర్కిల్‌ను ఏ వేలితో కొట్టాలో అప్పుడు తడబడతారు. ఒక నియమం పెట్టుకోండి: అర బీటు నోట్లన్నీ ఒకే వేలితో, పావు బీటు వచ్చినప్పుడే రెండో వేలు, ప్రతి గుత్తీ అదే ప్రధాన వేలితో మొదలు.

మణికట్టు బల్లకు ఆన్చి, వేళ్లు కీల మీదే ఉంచండి. కీని అడుగుదాకా గుద్దితే వేలు పైకి రావడానికి ఆలస్యమవుతుంది. ముంజేయి బిగుసుకుపోయిందంటే ఆపేయండి, బిగువుతో ఆడిన ప్రతి నిమిషం చెడ్డ అలవాటును గట్టిపరుస్తుంది. ప్రాక్టీస్‌కు హాఫ్‌టైమ్ మాడ్ (మాడ్ అంటే ఆట తీరు మార్చే ఆప్షన్) వాడొద్దని నా సలహా. పాట 0.75 వేగానికి దిగుతుంది, 160 కాస్తా 120 అవుతుంది, దాంతోపాటే 38 మిల్లీసెకన్ల చోటు 50 దాటుతుంది. తప్పులు దాక్కుంటాయి. దానికి బదులు అసలు వేగమే 130, 140 ఉన్న మ్యాపులు వెతికి, యూఆర్ 120 కిందికి వచ్చేదాకా అక్కడే ఉండి, తర్వాత పది బీపీఎం పెంచండి.

మానిటర్ గురించి: 60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, 144లో 6.9. కర్సర్ చేతికి దగ్గరగా కదులుతున్నట్టు ఉంటుంది, గురికి నిజంగా మేలే. డబ్బు ఉంటే కొనండి.

కాలప్రమాణం:

మానిటర్ విషయంలో ఒప్పుకోను. ప్రశ్న యాక్యురసీ గురించి. బొమ్మ ఎప్పుడూ ఒకేలా పది మిల్లీసెకన్లు వెనకబడితే ఆఫ్‌సెట్ దాన్ని మింగేస్తుంది. నిలకడ లేని ఆలస్యమే ప్రమాదం, అంటే ఫ్రేములు ఒక్కోసారి తగులుకోవడం. దానికి ల్యాప్‌టాప్‌లో వెనక నడిచే ప్రోగ్రాములు మూసేస్తే చాలు. ఆ డబ్బుతో తొందరేమీ లేదు.

తకధిమి మాట వచ్చింది కాబట్టి ఇక్కడ చాలామంది పొరపడే చోటు చెప్తాను. ఓసు ఆడేవాళ్లు ట్రిపుల్ అనేది పావు బీటు నోట్లు మూడు. అంటే తకధిమిలో మొదటి మూడు కొట్టి నాలుగోది వదిలెయ్యడం. ఇది తకిట కాదు. తకిట అంటే తిశ్ర నడక, బీటును మూడు సమానభాగాలు చెయ్యడం. 160 బీపీఎంలో మొదటిదాంట్లో ఖాళీ 94, రెండోదాంట్లో 125. తేడా 31 మిల్లీసెకన్లు, రెండు నోట్లు దాటేసరికి 62. స్క్రీన్ మీద రెండూ మూడు సర్కిళ్లే, చాలా మ్యాపుల్లో చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చెవే తేల్చాలి. చతురశ్ర నడకలో (బీటుకు నాలుగు భాగాలు) సాగే పాట మధ్యలో ఒక్కసారి తిశ్రం వస్తే మంచి ఆటగాళ్లు కూడా అక్కడే కూలతారు. మ్యాప్ ఆడే ముందు ఆ చోటు రెండుసార్లు విని నోటితో చెప్పుకోండి.

కన్ను వాడుతున్నారో చెవి వాడుతున్నారో తెలుసుకోవాలంటే హిడెన్ మాడ్ పెట్టండి. ముడుచుకునే వలయం మాయమవుతుంది, సర్కిల్ కూడా కొట్టే క్షణానికి ముందే చెరిగిపోతుంది. యూఆర్ అలాగే ఉంటే మీరు వింటున్నారు. 150 కాస్తా 220కి ఎగిరితే ఇంకా చూస్తున్నారు.

ఏఆర్ తగ్గిస్తే టైమింగ్ తేలికవుతుందని కూడా అనుకోవద్దు. ఏఆర్ 8 అంటే సర్కిల్ 750 మిల్లీసెకన్ల ముందు కనిపిస్తుంది, మీ 160 బీపీఎంలో సరిగ్గా రెండు బీట్లు. అర బీటుకొకటి చొప్పున నాలుగు సర్కిళ్లు ఎప్పుడూ స్క్రీన్ మీద ఉంటాయి. ఏఆర్ 5కు దించితే 1200 మిల్లీసెకన్లు, అప్పుడు ఆరేడు ఒకదానిమీద ఒకటి పడి ఏది ముందో తెలియదు. టైమింగ్‌ను నిర్ణయించేది ఓడీ. ఏఆర్ చదవడానికి సంబంధించింది.

మ్యాపర్_గుంటూరు:

ఆఫ్‌సెట్ అంతా సరిచేశాక కూడా ఒక్కో పాటలో తేడా వస్తే మ్యాప్‌నే అనుమానించండి, ముఖ్యంగా ర్యాంక్ కాని, అంటే పరిశీలన దాటని మ్యాపులను. మన సినిమా పాటలకు ఎవరైనా మ్యాప్ చేసినప్పుడు ఇది తరచుగా కనబడుతుంది. కంప్యూటర్ బీటుతో చేసిన కొత్త పాటకు ఒక బీపీఎం, ఒక మొదలు పెడితే సరిపోతుంది. వాద్యబృందం కలిసి వాయించిన పాత పాటలో చరణానికి చరణానికి వేగం కాస్త పెరుగుతుంది, తగ్గుతుంది. అక్కడ ఒకే బీపీఎం పెడితే పల్లవి సరిగ్గా ఉండి రెండో చరణానికి అంతా జారిపోతుంది. ఎంత జారుతుందంటే, పాట 120.5 ఉంటే మ్యాప్‌లో 120 అని పెట్టారనుకోండి, ఒక్క నిమిషానికి పావు సెకను తేడా. అలాంటి పాటకు వేగం మారిన ప్రతి చోటా కొత్త టైమింగ్ పాయింట్ (అక్కడి నుంచి బీపీఎం ఎంతో చెప్పే గుర్తు) పెట్టాలి, ఒక్కోసారి రెండు మూడు బార్లకొకటి. వేవ్‌ఫార్మ్ చూసి కాదు, పావు వేగంలో నడిపిస్తూ మెట్రోనోమ్ టిక్కు తబలా దెబ్బతో కలుస్తోందా అని వింటూ.

ఇంకొకటి, మ్యాప్‌లో ఉన్న ఎంపీ3 బాగాలేదని వేరేది పెట్టకండి. ఎంపీ3గా మార్చినప్పుడు మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది, ఫైలు మారితే అది మారుతుంది, 20, 30 మిల్లీసెకన్లు అక్కడే పోతాయి. ఓడీ 7లో అంటే ఉన్న చోటంతా దాదాపు ఖాళీ.

లేజర్‌లో స్లైడర్ మొదటి దెబ్బకు కూడా టైమింగ్ లెక్క ఉంది. పాత వెర్షన్‌లో కాస్త అటూ ఇటూ అయినా స్లైడర్ పూర్తి మార్కు ఇచ్చేది. పాత స్కోర్లతో పోల్చుకుని దిగులుపడేవాళ్లు ఇది గమనించాలి.

పాదతాళం:

డాన్స్ ప్యాడ్ (కాళ్లతో తొక్కే బాణాల పలక), టీవీ మీద ఆడేవాళ్లకు కూడా ఇదంతా వర్తిస్తుంది, చిన్న మార్పులతో. టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే బొమ్మకు మెరుగులు దిద్దే పని ఆలస్యం పెంచుతుంది. సౌండ్‌బార్ తీసేసి నేరుగా టీవీ స్పీకర్లు వాడి చూడండి. శబ్దం మీటరుకు మూడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది, మూడు మీటర్ల దూరంలో ఆడితే తొమ్మిది. ఆఫ్‌సెట్‌ను ఆడే చోటే నిలబడి కొలవాలి. ప్యాడ్ మీద కాలు ప్యానెల్‌ను తాకే క్షణం ముఖ్యం, కాలు ఎత్తే క్షణం కాదు. కొత్తవాళ్లు ప్రతి అడుగు తర్వాత మధ్యకు తిరిగొస్తారు, దాంతో అడుగుల సంఖ్య రెట్టింపై 140 బీపీఎం దగ్గరే ఊపిరి అందదు. బాణం మీదే కాలు ఉంచి, తర్వాతిది రెండో కాలితో.

వేళ్లు, గురి, వేగం ఏమీ లేకుండా లయ ఒక్కటే సాధన చెయ్యాలంటే మలేసియా వాళ్లు చేసిన ఎ డాన్స్ ఆఫ్ ఫైర్ అండ్ ఐస్ ఉంది. ఒక్క కీ చాలు. దారి మలుపుల ఆకారమే నోట్ల మధ్య ఖాళీని చెప్తుంది, తిశ్రం చతురశ్రం తేడా కంటికే కనబడేలా. చెవికి పదును పెట్టడానికి ఇంత నిక్కచ్చి గేమ్ ఇంకోటి చెప్పలేను.

బీచ్‌రోడ్_బీట్:

సూచించిన ఆఫ్‌సెట్ ఒప్పుకుని అవే నాలుగు పాటలు ఆడాను. సగటు ఇప్పుడు రెండు మిల్లీసెకన్ల లోపు. యాక్యురసీ మూడింటిలో 97 దాటింది, ఒకదాంట్లో 98. 99 రాలేదు, స్లైడర్లు కారణమనుకుంటాను. హిడెన్ పెడితే యూఆర్ 205. తకధిమి అనుకుంటూ కొడితే ఐదో నోటు పడుతోంది, కానీ ఒకదాని వెంట ఒకటి రెండు బర్స్ట్‌లు వస్తే రెండోది ఇంకా చెడుతోంది. దీనికేం చెయ్యాలి?

రెండువేళ్లు:

మొదటి బర్స్ట్ చివరి నోటు తర్వాత వేలు కీ మీదే నొక్కుకుని ఉండిపోతోంది, అందుకే రెండోది ఆలస్యంగా మొదలై, దాన్ని అందుకోవడానికి పరుగెడుతున్నారు. కీ ఓవర్‌లేలో (నొక్కిన కీలను స్క్రీన్ మీద చూపే పెట్టెల్లో) చూస్తే తెలుస్తుంది: చివరి నోటు దగ్గర కీ పెట్టె మిగతావాటికంటే ఎక్కువసేపు వెలిగి ఉంటుంది. ఐదో నోటును కొట్టగానే వేలు పైకి తియ్యడం మీద మాత్రమే దృష్టి పెట్టి, 130 బీపీఎం మ్యాపుల్లో రోజుకు పది నిమిషాలు. హిడెన్ 205 గురించి ఇప్పుడే పట్టించుకోవద్దు, అది బాగా తెలిసిన పాటల్లో ముందు తగ్గుతుంది, కొత్త పాటల్లో తర్వాత.